ఆవిరి వెయ్యనన్న మనిషి

అప్పటికి నాకు తెలిసిన పరీక్ష టైపు పరీక్ష ఒక్కటే. నిమిషానికి ఎన్ని మాటలు కొట్టాం, ఎన్ని తప్పులు దొర్లాయి, అంతే. గడియారం ఒకటి చెబుతుంది, కాయితం ఒకటి చెబుతుంది, వాదించడానికి ఎవరికీ ఏమీ మిగలదు. అందుకే ప్రకృతి వైద్యుల చేతిపనికి పరీక్ష పెట్టబోతున్నారని విన్నప్పుడు నాకు భలే కుతూహలం పుట్టింది. మనిషి కడుపు మీద మట్టిపట్టీ వేస్తే దానికి మార్కులు ఎలా వేస్తారు?

అరవయ్యో దశకం ముగిసిపోతున్న రోజులవి. కృష్ణకు అవతలి జిల్లా నుంచి ఉద్యోగం కోసం వచ్చి, ఉప్పల్లో అక్కా బావల దగ్గర ఉండేవాణ్ణి. బావ నాచారంలో ఒక మిల్లులో స్టోరు చూసేవాడు. నేను రోజూ బస్సెక్కి ఊళ్ళోకి వెళ్ళి, వైద్యం చేసేవాళ్ళ పేర్లు నమోదు చేసే ఒక చిన్న ఆఫీసులో టైపు కొట్టేవాణ్ణి. ఆయుర్వేదం వాళ్ళకీ యునానీ వాళ్ళకీ కాలేజీలుండేవి, పట్టాలుండేవి. మట్టితో, నీళ్ళతో, ఎండతో, ఉపవాసంతో చికిత్స చేసేవాళ్ళ సంగతే ఎటూ తేలేది కాదు. వాళ్ళలో చాలామంది ఏదో ఒక ఆశ్రమంలో కొన్నాళ్ళుండి నేర్చుకున్నవాళ్ళు, లేదా తమకే జబ్బు చేసి, అది తగ్గాక ఆ దారి పట్టినవాళ్ళు. చివరికి ఆఫీసు ఒక నిర్ణయానికి వచ్చింది. కొన్నేళ్ళుగా చికిత్స చేస్తున్నట్టు రుజువు చూపించి, తమ అనుభవం రాసిచ్చి, ఇద్దరు పరీక్షకుల ముందు చేసి చూపిస్తే రిజిస్టరులోకి ఎక్కిస్తారు.

మార్కుల కాయితం టైపు కొట్టింది నేనే. పది అంశాలు. సామాన్లు సిద్ధం చేసుకోవడం, నీటి వేడి చూసుకోవడం, రోగిని పడుకోబెట్టే పద్ధతి, పట్టీ మందం, ఎంతసేపు ఉంచాలో తెలియడం, ఇలాంటివి. కొట్టి, సరిచూసి, ఇందులో లోపమేమీ లేదనుకున్నాను. నా పని అక్షరాల తప్పులు చూడడం వరకే.

పరీక్షకు చోటు ఉప్పల్ శివార్లలో దొరికింది. వరంగల్ రోడ్డు మీద, మేడిపల్లికి ఇవతల, ద్రాక్షతోటల మధ్య ఒక పెంకుటిల్లు. ఆ ఇంటాయన అంతకు ముందు అక్కడ ప్రకృతి చికిత్స చేసేవాడు, తరవాత మానుకున్నాడు. తొట్లు, చెక్కతో చేసిన ఆవిరి పెట్టె, బాగా నీళ్ళున్న బావి అన్నీ అక్కడే ఉన్నాయి. నేను ఉప్పల్లోనే ఉంటాను కాబట్టి ముందే వెళ్ళి బల్లలు వేయించమనీ, రోజంతా కూర్చుని జరిగింది రాయమనీ మా సూపరింటెండెంటు నాకు చెప్పాడు.

పరీక్షకులు ఇద్దరు. ఒకాయన ప్రభుత్వ ఆసుపత్రిలో సర్జనుగా చేసి రిటైరైన డాక్టరు. పాత హైదరాబాదు మనిషి, మాట మెత్తన. తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలో ముగించేవాడు. రెండో ఆయన ప్రకృతి చికిత్సలో పెద్దవాడు. మా కోస్తా వైపు మనిషే. ఖద్దరు పంచె, ఖద్దరు లాల్చీ. ఉప్పు మానేసి ఇరవై ఏళ్ళయిందని వచ్చిన పావుగంటలోనే చెప్పాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అనేవాళ్ళు. నేనూ అలాగే అంటాను.

పొద్దున్నే ఒక చిక్కొచ్చి పడింది. చికిత్స చేసి చూపించడానికి ఒక మనిషి కావాలి కదా. మేడిపల్లి నుంచి ఒక రైతు వస్తానన్నాడు. ఎనిమిదైంది, తొమ్మిదైంది, ఆయన రాలేదు. అభ్యర్థులు ముగ్గురూ అరుగు మీద కూర్చుని ఉన్నారు. పెద్దాయన అటూ ఇటూ చూసి, చివరికి నా మీద చూపు నిలిపాడు.

"నువ్వు పడుకోవోయ్. కుర్రవాడివి, రోగం రొష్టూ లేనివాడివి. ఒక పూట మట్టీ నీళ్ళూ తగిలితే నీకే మంచిది" అన్నాడు.

నాకు లోపల సంబరమే. చేతులకు మార్కులెలా వేస్తారో ఒంటితో తెలుసుకునే అవకాశం ఎవరికొస్తుంది? చొక్కా విప్పి, ఇంటాయన ఇచ్చిన పంచె కట్టుకుని చాప మీద పడుకున్నాను. మధ్యమధ్య లేచి కూర్చుని, జరిగింది రాసుకునేటట్టు ఒప్పందం.

అభ్యర్థులు చీటీ తియ్యాలి. ఏ చికిత్స వస్తే అది చేసి చూపించాలి.

మొదటాయనకు మట్టిపట్టీ వచ్చింది. తెల్లటి బట్టలు, చక్కగా దువ్విన జుట్టు. ఏదో ఆశ్రమంలో రెండేళ్ళు చదివిన సర్టిఫికెట్లు పటం కట్టించి మరీ తెచ్చాడు. అన్యాయంగా చెప్పకూడదు, ఆయన చెయ్యి మంచిది. నానబెట్టిన మట్టిని గుడ్డ మీద పరిచి, అంచులు మడిచి, నా బొడ్డు కింద ఆనించినప్పుడు ఒక్క చుక్క నీరు పక్కకు జారలేదు. చేస్తూనే ఎందుకు చేస్తున్నదీ పాఠంలా చెప్పాడు. పెద్దాయన తల ఊపుతూ మార్కులు వేశాడు. డాక్టరు వింటూ కిటికీలోంచి ద్రాక్ష పందిళ్ళకేసి చూస్తున్నాడు.

రెండో ఆయనకు తొట్టిస్నానం వచ్చింది. నడుము మాత్రం మునిగేటట్టు చల్లటి నీళ్ళలో కూర్చోబెడతారు. బావినీళ్ళు తగలగానే నాకు ఊపిరి పట్టేసినట్టయింది. గుండె దడదడలాడింది. చన్నీళ్ళకు ఎవరికైనా అంతేననుకుని పళ్ళు బిగించి కూర్చున్నాను. ఎలా ఉందని ఆయన అడిగితే బాగుందన్నాను. పరీక్ష పాడుచెయ్యడం నాకిష్టం లేదు. బయటికొచ్చాక కాసేపు గోడకానుకుని నిలబడాల్సి వచ్చింది.

మూడో ఆయన చీటీ తీసి, విప్పి, అటూ ఇటూ తిప్పి, నా దగ్గరకు తెచ్చాడు. ఏం రాసుందో చదవమన్నాడు. చదువు రాదేమో అనుకున్నాను. అది నా తప్పు. ఆయన నైజాం కాలంలో ఉర్దూ బడిలో ఏడో తరగతి దాకా చదివినవాడు. ఉర్దూ ముత్యాల్లా రాస్తాడు. తెలుగు మాత్రం మాటే, రాత లేదు. దరఖాస్తులో అనుభవం రాసే పేజీలు రెండూ ఉర్దూలోనే నింపి ఇచ్చాడు. వాటిని డాక్టరు ఒక్కడే చదవగలిగాడు. పొద్దున పెద్దాయనకు ఆ పేజీలు చదివి వినిపించినప్పుడు ఒకచోట ఆగి, కొంచెం ముందుకు దూకినట్టు నాకనిపించింది. అప్పుడు పట్టించుకోలేదు.

చీటీలో ఉన్నది ఆవిరిస్నానం. చెప్పగానే ఆయన ముఖంలో కాస్త తెరిపి కనిపించింది. యాభై దగ్గరపడిన మనిషి, పొట్టిగా, మెడ దగ్గర బలంగా. ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు. నాచారం చెరువుకు దగ్గర్లో రెండు గదుల ఇంట్లో చికిత్స చేస్తాడు. అంతకు ముందు పద్దెనిమిదేళ్ళు ఒక మిల్లులో బాయిలరు దగ్గర పని చేశాడు. కడుపులో పుండుతో మంచాన పడి, ఎవరో సాధువు దగ్గర ఉపవాసాలు చేసి లేచాక, మిల్లు వదిలి ఇది పట్టుకున్నాడు. ఇదంతా ఆయన దరఖాస్తు నుంచి డాక్టరు చదవగా విన్నదే.

ఆవిరి పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు. మనిషి లోపల స్టూలు మీద కూర్చుంటే తల మాత్రం పైన కంతలోంచి బయటికి ఉంటుంది. బయట పొయ్యి మీద మూతపెట్టిన పాత్ర, దాని నుంచి పెట్టెలోకి గొట్టం. ఆయన గొట్టం ఊడదీసి లోపలికి చూశాడు, నోటితో ఊదాడు, మళ్ళీ బిగించి గుడ్డ చుట్టాడు. పొయ్యి రాజేశాడు. ఇవన్నీ మా కాయితంలో ఉన్న అంశాలే, పెద్దాయన గబగబా మార్కులు వేస్తున్నాడు. తరవాత నన్ను పెట్టెలోకి పిలుస్తాడనుకుంటే, పీట వేసుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.

ఏం తిన్నావని అడిగాడు. ఎన్నింటికి తిన్నావని అడిగాడు. బస్సు దిగాక ఇక్కడిదాకా నడుస్తుంటే ఎక్కడైనా ఆగావా అన్నాడు. ఆగాను, రెండుసార్లు, ఎదురుగాలి అని చెప్పాను. ఇవాళ గాలి లేదు కదా అన్నాడు. పడుకునేటప్పుడు తలకింద ఎన్ని దిండ్లు పెట్టుకుంటావన్నాడు. ఆ ప్రశ్నకు నాకు నవ్వొచ్చింది. రెండు పెట్టుకుంటాను, ఒకటైతే ఊపిరాడదు అన్నాను. అది అలవాటనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అక్క కూడా పుట్టింటి నుంచి నాకోసమని రెండో దిండు కుట్టించి తెచ్చింది.

పెద్దాయన గడియారం చూసుకుంటున్నాడు. ఒక్కొక్కరికి అరగంటే సమయం.

"తమ్మీ, ఆ బాయి దాక జర జల్ది నడిచి రా" అన్నాడు మూడో ఆయన.

వెళ్ళివచ్చాను. ఎంతో దూరం లేదు, అయినా వచ్చేసరికి ఆయాసపడుతున్నాను. నన్ను ఎడమపక్కకు ఒరిగి పడుకోమని, అరచెయ్యి నా ఎడమ రొమ్ము కింద ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆ చెయ్యి బరువుగా, వెచ్చగా, ఏ తొందరా లేనట్టుగా ఉంది. పొద్దుటి నుంచి నా మీద పనిచేసిన చేతులన్నీ నాకేదో ఇస్తున్నట్టుంటే, ఇది నా నుంచి ఏదో వింటున్నట్టుంది. చాలాసేపు తియ్యలేదు.

తరవాత లేచి వెళ్ళి పొయ్యిలోంచి కట్టెలు బయటికి లాగాడు.

"ఈ పిలగానికి ఆవిరి వెయ్య" అన్నాడు.

పెద్దాయన కోపగించుకోలేదు. సమాధానపరుస్తున్నట్టే మాట్లాడాడు. ఇతను రోగి కాదు, మా టైపిస్టు, ఊరికే చేసి చూపించడానికి పెట్టుకున్నాం, పది నిమిషాలు వేస్తే చాలు అన్నాడు.

"పరీక్షయితే మాత్రం ఆవిరి ఆవిరే గద సార్. లోపల ఏందో వణుకుతున్నది. బాయిలరు మీద చెయ్యి పెడితే ఎప్పుడన్న గిట్ల తెలుస్తుండె. గట్ల తెలిసినప్పుడు మేము మంట పెంచకపోతుంటిమి. ముందుగాల ఈయన్ని దవాఖానకు తోల్కపోండ్రి."

పెద్దాయన కాసేపు ఆయనకేసి చూసి, కాయితం మీద ఏదో రాశాడు. నేను పడుకున్న చోటి నుంచి కనిపించింది. 'చేయలేదు' అని రాసి కింద గీత గీశాడు.

అప్పుడు డాక్టరు కుర్చీలోంచి లేచాడు. సంచిలోంచి స్టెతస్కోపు తీసి నా పక్కన నేల మీదే కూర్చున్నాడు. బాయిలరు దగ్గర పనిచేసిన ఆ మూడో ఆయన చెయ్యి పెట్టిన చోటే పెట్టి విన్నాడు. ఊపిరి బిగబట్టమన్నాడు, వదలమన్నాడు. చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరం వచ్చిందా అని అడిగాడు. వచ్చింది, పదేళ్ళప్పుడు, నెలరోజులు బడికి పోలేదు అన్నాను. ఆయన స్టెతస్కోపు మెడలోంచి తీసి మడిచి సంచిలో పెట్టాడు.

నాకు భయం వెయ్యలేదంటే ఎవరూ నమ్మరు. నిజంగా అప్పుడు భయం వెయ్యలేదు. నా లోపల ఏదో ఉందట, దాన్ని ఒక మనిషి అరచేత్తో కనుక్కున్నాడట. అదేమిటో తెలుసుకోవాలన్న ఆత్రమే ముందు కలిగింది. నా చెయ్యి నేనే అక్కడ పెట్టి చూసుకున్నాను. నాకేమీ తెలియలేదు. భయం సాయంత్రం, అక్కకు చెప్పాల్సి వచ్చినప్పుడు పట్టుకుంది.

"పొద్దుటి నుంచి మనిద్దరం ఈయన్నే చూస్తున్నాం" అన్నాడు డాక్టరు పెద్దాయనతో. "చన్నీళ్ళలో కూర్చోబెట్టాం. నేను కిటికీలోంచి ద్రాక్షతోట చూస్తున్నాను."

ఆ తరవాత జరిగిన వాదన నేనే రాసుకున్నాను. చొక్కా తొడుక్కుని, బల్ల దగ్గర కూర్చుని, నా గుండె గురించి ఇద్దరు పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే మినిట్సులో ఎక్కించాను. ఇప్పుడు తలుచుకుంటే చిత్రంగా ఉంటుంది. పెద్దాయన తన పట్టు వదల్లేదు. ఆయన మాటలోనూ న్యాయముంది. ఈయన ఇవాళ చెయ్యనన్నది సరైనదే కావచ్చు, కానీ ఆవిరి వెయ్యడం వచ్చో రాదో మనకెలా తెలుస్తుంది? రేపు ఇంకొకడు చేతకాక చెయ్యనంటాడు, వాడికీ మార్కులిద్దామా? డాక్టరు కాదనలేకపోయాడు. మంచి మనిషిని ఒకరిని తెచ్చి ఆయన చేత చేయించి చూద్దామన్నాడు. ఎవరున్నారని పెద్దాయన అడిగాడు. ఇంటాయన ఊళ్ళోకి పోయాడు. అభ్యర్థులను వాడకూడదు.

పెద్దాయన ఒక్క నిమిషం ఆలోచించి లాల్చీ విప్పడం మొదలుపెట్టాడు.

బాయిలరు ఆయన ఏమాత్రం తడబడలేదు. పెద్దాయన్నీ నన్ను కూర్చోబెట్టినట్టే కూర్చోబెట్టి, అవే ప్రశ్నలు అడిగాడు. ఏం తిన్నరు, ఎప్పుడు తిన్నరు, ఎన్ని దిండ్లు. బావి దాకా నడిపించాడు. గుండె మీద చెయ్యి పెట్టి చూశాడు. తరవాతే పొయ్యి మళ్ళీ రాజేసి, రెండు గ్లాసుల నీళ్ళు తాగించి, తలకు తడిగుడ్డ చుట్టి, పెట్టెలో కూర్చోబెట్టి తలుపు మూశాడు. పెట్టె పైన పెద్దాయన తల ఒక్కటే కనిపిస్తోంది. మార్కుల కాయితం నా చేతిలో ఉంది. ఆయన లోపలి నుంచి ఒక్కొక్క ప్రశ్న వేస్తూ, జవాబు వినగానే ఇన్ని మార్కులని చెబుతుంటే నేను వేశాను. ముఖమంతా చెమట కారుతున్నా గొంతు మాత్రం పరీక్షకుడి గొంతే.

ఎంతసేపు ఉంచుతావని అడిగితే, గడియారం చూడను, మీ పెదవులూ కణతలూ చూస్త అన్నాడు. గడియారం కూడా చూడాలని పెద్దాయన కసిరాడు. సరే సార్, గడియారం గూడ చూస్త అని ఒప్పుకున్నాడు. ఆ అంశంలో ఒక మార్కు కోసేయమన్నాడు పెద్దాయన. కోసేశాను. పన్నెండో నిమిషంలో, ఇంకా బాగానే ఉందని పెద్దాయన అంటున్నా వినకుండా బయటికి తీసి, తుడిచి, దుప్పటి కప్పి పడుకోబెట్టాడు.

పెద్దాయన ఆ దుప్పటి కింద అరగంట పడుకున్నాడు. లేచాక, తాను రాసిన 'చేయలేదు' అన్న మాటను కొట్టేసి, ముగ్గురినీ లోపలికి పిలిచాడు. ఇవాళ వేసిన మార్కులు ఏవీ చెల్లవనీ, అందరికీ మళ్ళీ పరీక్ష పెడతామనీ చెప్పాడు. తప్పు అభ్యర్థులది కాదు, మాది, మా కాయితంలో రోగిని చూడడమనే అంశమే లేదు అన్నాడు.

తెల్లబట్టల ఆయన ముఖం ఎర్రబడింది. రోగం లేని మనిషని మీరే చెప్పారు కదా, మీ మాట మీద నమ్మకంతోనే చేశాను, ఇప్పుడు నా మార్కులెందుకు పోవాలి అని అడిగాడు. నాకు ఆయన మీద జాలేసింది. చివరికి డాక్టరే, మా మాట నమ్మినందుకు మిమ్మల్ని తప్పు పట్టం, ఇకమీదట మా మాట కూడా నమ్మొద్దు అన్నాడు. ఆయన పటాలు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. రెండో పరీక్షకు మాత్రం వచ్చాడు, బాగా చేశాడు, రిజిస్టరులోకి ఎక్కాడు. తరవాతి రోజుల్లో ఆయనకు మంచి పేరొచ్చింది.

నా సంగతి త్వరగా చెప్పేస్తాను. డాక్టరు మర్నాడు తనే వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. గుండెలో ఒక కవాటం ఇరుకైపోయిందన్నారు. కొన్ని నెలలు మాత్రలు వాడాక ఆపరేషను చేసి దాన్ని వెడల్పు చేశారు. అప్పటికి ఆ ఆపరేషను మన దగ్గర కొత్త. అక్క ఆ వారమంతా ఆసుపత్రి వరండాలోనే ఉంది. బావ మిల్లు నుంచి నేరుగా వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చునేవాడు. కోలుకుని, ఒక్క దిండు మీద పడుకుని నిద్రపోయిన మొదటి మధ్యాహ్నం నాకింకా గుర్తుంది. ఊపిరి ఇంత తేలిగ్గా ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు.

ఉద్యోగంలో చేరిన రోజు నా బల్ల మీద దుమ్ముపట్టిన ఫైళ్ళ మధ్య ఒకటి కనిపించింది. బాయిలరు ఆయనది. రెండో పరీక్ష కూడా గట్టెక్కాడు. కానీ ఉర్దూ పేజీలకు తెలుగు తర్జుమా జతచేస్తే తప్ప సంతకం కాదట. టైపిస్టు సెలవులో ఉన్నాడు కాబట్టి ఫైలు ఆగిపోయింది. నేను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆయన నా కోసమే ఆగాడన్నమాట.

పక్క సెక్షనులో ఉర్దూ తెలిసిన ఒక పాత గుమాస్తాను బతిమాలి కూర్చోబెట్టుకున్నాను. ఆయన చదువుతూ తెలుగులో చెబుతుంటే నేను కొట్టుకుంటూ పోయాను. ఎవరెవరికి ఏమేం నయమైందో రెండు వరుసల్లోనే ఉంది. ఆ తరవాత పెద్ద పేరా ఒకటి వచ్చింది. చికిత్స మొదలుపెట్టిన ఏడాది, మిల్లులో తన జతగాడు ఒకడు ఒళ్ళునొప్పులని వస్తే, ఏమీ అడక్కుండా ఆవిరి పెట్టెలో కూర్చోబెట్టానని రాశాడు. వాడు లోపలే తల వాల్చేశాడట. ప్రాణం దక్కింది కానీ ఒక చెయ్యి, ఒక కాలు పడిపోయాయట. తప్పు నాది అని రాసి, ఆ మనిషి పేరు, ఉండే వీధి కూడా రాశాడు. ఆనాడు డాక్టరు చదువుతూ దాటేసింది ఈ పేరానే.

నా చేతులు మీటల మీద ఆగిపోయాయి. ఇది కొడితే రిజిస్ట్రేషను రాకపోవచ్చు. కొట్టకపోతే ఎవరికీ తెలియదు, గుమాస్తా కూడా చెప్పడు. నాకు ప్రాణం పోసినవాడి ఫైలు అది. సాయంత్రం దాకా కాయితం మెషీనులోనే ఉంచి ఆలోచించాను. చివరికి ఆయన రాయాలనుకుని రాసినదాన్ని తీసెయ్యడానికి నేనెవర్ని అనిపించింది. ఉన్నది ఉన్నట్టు కొట్టాను. ఫైలు పెద్దాయన దగ్గరకు నేనే పట్టుకెళ్ళి, ఆ పేరా చదవమని చెప్పి మరీ ఇచ్చాను. ఆయన చదివి, రేపు రమ్మన్నాడు. మర్నాడు వెళ్ళేసరికి సంతకం పెట్టి ఉంది. ఆ పేరా పక్కన 'చదివాను' అని కూడా రాశాడు.

రిజిస్ట్రేషను కాయితం పోస్టులో పంపొచ్చు. నేను నాచారం తీసుకెళ్ళాను. ఇంటి ముందు వేపపుల్లలు ఆరబోసి ఉన్నాయి, పక్కన తడిమట్టి కుప్ప. కాయితం చూసి సంతోషించాడు. తెలుగులో ఉన్నది నా చేత చదివించుకున్నాడు. ఆ పక్కవాళ్ళంతా పిలిచినట్టే నేనూ ఆయన్ని మామా అనడం మొదలుపెట్టాను.

ఆ పేరా ఎందుకు రాశావు మామా, ఎవరూ అడగలేదు కదా అన్నాను.

"అనుభవం రాయమన్నరు గద. నాకున్న పెద్ద అనుభవం గదే" అన్నాడు. మళ్ళీ తనే, "అడగాలెనని నాకు గాడ తెలిసింది. అంతకు ముందు బాయిలరు మీద పెట్టినంత ఫికర్ మనిషి మీద పెట్టలే" అన్నాడు.

ఆ జతగాడు ఇప్పుడెలా ఉన్నాడని అడిగాను. మూడు వీధుల అవతలే ఉంటాడనీ, రోజూ పొద్దున వెళ్ళి చెయ్యీ కాలూ నూనెతో రుద్దుతాననీ, మొదట రెండేళ్ళు వాడు తనతో మాట్లాడలేదనీ, ఇప్పుడు తిడతాడనీ చెప్పాడు. అప్పుడు వెళ్ళే వేళే అయింది. నన్నూ రమ్మన్నాడు. నూనె గిన్నె ఆయన పట్టుకున్నాడు, తువ్వాలు నేను పట్టుకున్నాను. ఆ ఇంట్లో మంచం మీద కూర్చున్న మనిషి మమ్మల్ని చూసి, ఇంత ఆలస్యమేందని మామను నిజంగానే తిట్టాడు. మామ అతని చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, రాత్రి నిద్ర పట్టిందా, పొద్దున ఏం తిన్నావు అని అడగడం మొదలుపెట్టాడు.